స్క్రూజ్‌ను ఎందుకు పుట్టించారు?

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషంటే ఇంగ్లిషు కథల్లో ముందు గుర్తొచ్చేది ఎబెనెజర్ స్క్రూజే. చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్'లోని ఈ లండన్ వ్యాపారికి పడ్డ చెడ్డపేరులో అతని వాటా ఎంతో తెలియాలంటే, ఆ పాత్ర ఎలా పుట్టిందో చూడాలి.

1843 మొదట్లో కార్ఖానాల్లో పనిచేసే పిల్లల దుస్థితి మీద ప్రభుత్వ కమిషన్ నివేదిక ఒకటి వెలువడింది. అది చదివి డికెన్స్ కదిలిపోయాడు. పేదల పిల్లల తరఫున ఒక కరపత్రం వేద్దామనుకున్నాడు. కొద్ది రోజుల్లోనే మనసు మార్చుకుని, ఏడాది చివర ఇంకో రూపంలో కొడితే దెబ్బ ఇరవై రెట్లు బలంగా తగులుతుందని మిత్రుడికి ఉత్తరం రాశాడు. సెప్టెంబరులో ఫీల్డ్ లేన్‌లోని బీదపిల్లల బడి చూశాడు. అక్టోబరులో కథ మొదలుపెట్టి, రాత్రిళ్లు లండన్ వీధుల్లో మైళ్ల కొద్దీ నడుస్తూ ఆలోచించి, సుమారు ఆరు వారాల్లో ముగించాడు. డిసెంబరు 19న పుస్తకం వచ్చింది. పండగ లోపే 6,000 ప్రతులు చెల్లిపోయాయి.

అంటే కరపత్రం చెప్పాల్సిన మాటే కథలోకి వచ్చింది. చందా అడగడానికి వచ్చిన పెద్దమనుషులతో స్క్రూజ్ ఏమంటాడు? జైళ్లున్నాయి, పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌసులున్నాయి, వాటికి నా వంతు కడుతూనే ఉన్నాను కదా అంటాడు. చావాలనుకునేవాళ్లు చస్తే జనాభా తగ్గుతుందనీ అంటాడు. ఇవి అతని సొంత మాటలు కావు. మొదటిది 1834 నాటి పేదల చట్టం, రెండోది ఆర్థికవేత్త మాల్థస్ జనాభా సిద్ధాంతం నుంచి పుట్టిన వాదన. అప్పట్లో పరువుగల పెద్దలు నిస్సంకోచంగా అంటున్నవే. తిట్లు మాత్రం స్క్రూజ్ ఒక్కడే తిన్నాడు. ఆ పేదల చట్టాల వ్యవస్థ పూర్తిగా రద్దయ్యేసరికి 1948 వచ్చింది.

అలాగని అతణ్ణి వెనకేసుకు రాలేను. వారానికి 15 షిల్లింగుల జీతగాడు బాబ్ క్రాచిట్ చలికి వణుకుతుంటే, అతని పొయ్యిలో ఒక్క బొగ్గు ముక్కంత నిప్పే ఉంటుంది. బొగ్గుపెట్టె యజమాని గదిలో ఉంటుంది. దీనికి చట్టం మీద నెపం పెట్టలేం.

కానీ ఆ పిసినారితనం వెనక ఉన్నది పేదరికమంటే భయం. పెళ్లాడాల్సిన అమ్మాయి అతణ్ణి వదిలి వెళ్తూ ఆ మాటే చెబుతుంది. ఆ భయం డికెన్స్‌కు పుస్తకాల్లో దొరికింది కాదు. 1824లో తండ్రిని అప్పు కింద మార్షల్సీ జైల్లో వేశారు. పన్నెండేళ్ల డికెన్స్ బూటుపాలిష్ కార్ఖానాలో జాడీలకు కాగితం చుట్టి, దారం కట్టి, చీటీలు అంటించాడు. తనకు తెలిసిన ఆ భయాన్నే స్క్రూజ్‌లో పెట్టాడు. కాబట్టే పాత్రను చంపలేదు, మార్చాడు. చివరి అధ్యాయంలో స్క్రూజ్ బాబ్ జీతం పెంచి, జబ్బుపడ్డ అతని కొడుకు టైనీ టిమ్‌కు రెండో తండ్రి అవుతాడు. ఆ అధ్యాయం రాసిన చెయ్యి అతణ్ణి ద్వేషించిందంటే నేను నమ్మను.