దోమతెరతో వేసిన ప్యాచ్

మా మామకి హెర్నియా ఆపరేషన్ రెండుసార్లు అయింది. దామలచెరువు మామిడి మండీలో గంపలు మోసిన మనిషి. 1980ల్లో మొదటిసారి తిరుపతిలో కుట్లేసి పంపారు. మూడేళ్ళకి మళ్ళీ దిగింది. (మావైపు హెర్నియాకీ వరిబీజానికీ తేడా లేదు, రెండూ బుడ్డే. నలుగురిలో చెప్పుకోలేక ఏళ్ళ తరబడి పంచె బిగించుకుని తిరుగుతారు.) మామ కూడా అలాగే నెట్టుకొచ్చి, 2004లో రెండోసారి చేయించుకున్నాడు. ఈసారి మెష్ పెట్టారు.

"ఏందిరా, నా కడుపులో వల పెట్టినారంట, చేపలు పట్టేదానికా?" అన్నాడు. నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

మొదటి కుట్టు ఎందుకు నిలవలేదో తర్వాత చదివాక అర్థమైంది. గజ్జలో బలహీనపడ్డ చోట కండరాన్ని కిందికి లాగి లిగమెంటుకి కుట్టడం 1880ల్లో ఇటలీలో బస్సీని చూపించిన దారి. దాదాపు వందేళ్ళు లోకమంతా అదే. చిక్కల్లా ఆ లాగడంలోనే. చాలీచాలని గుడ్డని లాగి కుడితే ఏమవుతుంది? దగ్గినా, గంప ఎత్తినా భారమంతా కుట్టు మీదే. 1958లో అమెరికాలో అషర్ పాలిఎథిలీన్ వల వాడి చూపించాడు. 1984 నుంచి లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ బృందం అసలు లాగడమే మానేసి, ఉన్నదాన్ని ఉన్నట్టుంచి పైన వల పరచడం మొదలెట్టింది. వల కన్నాల్లోంచి ఒంటి కణజాలం అల్లుకుని గోడవుతుంది. మన భాషలో ప్యాచ్, అంతే.

అన్నట్టు, ఆ ప్యాచ్ ఖరీదు మామ నెల కూలి కంటే ఎక్కువ. బిల్లు కట్టింది నేనే కాబట్టి బాగా గుర్తు.

ఇక్కడే మన దేశం కథ వస్తుంది. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్ళో డాక్టర్ తొంగావ్‌కర్ దోమతెర గుడ్డని పరీక్ష చేయించాడు. అందులో ఉన్నది పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్. అంటే ఖరీదైన మెష్‌ల బంధువే! ఆయనా, బి.వి. రెడ్డి తదితరులూ కలిసి 359 హెర్నియాలకి వాడిన ఫలితాలని 2003లో ప్రచురించారు. మంచానికి కట్టే ప్రతి తెరా పనికిరాదు సుమండీ. రకం తెలియాలి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడికి కరక్కుండా నిలవాలి.

2016లో ఉగాండా ఫలితాలొచ్చాయి. 302 మంది మగవాళ్ళు, సగం మందికి కంపెనీ మెష్, సగం మందికి దోమతెర. ఏడాది తర్వాత దోమతెర వాళ్ళలో ఒక్కరికి తిరగబెట్టింది, రెండోవైపు ఎవరికీ లేదు. కంపెనీ మెష్ నూరు డాలర్ల పైనే, దోమతెర దాదాపు ఒక్క డాలరు. ఆ దోమతెర తయారైంది మన పక్క రాష్ట్రంలోనే, కరూరులో.

పోయిన వారం ఇదంతా మామకి ఫోన్లో చెప్పాను. అంతా విని, "ఆ పొద్దే కరూరు బస్సెక్కింటే పోయుండేది గదరా" అన్నాడు.