పత్రిక లేని పదునేడు దినములు

1945వ సంవత్సరము జూన్ 30వ తేదీన న్యూయార్కు నగరమున వార్తాపత్రికలను చేరవేయు పనివారు సమ్మె కట్టిరి. పదునేడు దినములపాటు ఆ మహానగరపు ప్రధాన పత్రికలు పాఠకుల యిండ్లకు గాని వీథి దుకాణములకు గాని చేరలేదు. అచ్చుయంత్రములు మాత్రము ఆగలేదు. పత్రికా కార్యాలయపు గుమ్మమునొద్దకు పోయి బారులుతీరి నిలిచినవారికి ప్రతులు దొరకుచునే యుండెను. ఐరోపాఖండమున యుద్ధము ముగిసి అప్పటికి రెండు నెలలైనను నిండలేదు; జపానుతో యుద్ధ మింకను సాగుచుండెను. అట్టి దినములలో లక్షలకొలది జనులకు ప్రొద్దుటి పత్రిక లేకపోయినది.

ఈ యవకాశమును బెర్నార్డ్ బెరెల్సన్ అను పరిశోధకుడు జారవిడువలేదు. తక్కిన సంస్థలు పెక్కుమందిని ప్రశ్నించి లెక్కలు కట్టుచుండగా, ఈయన మన్‌హాటన్ ప్రాంతమున అరువదిమందిని మాత్రమే యెన్నుకొని, ఒక్కొక్కరితో దీర్ఘముగా సంభాషణ జరిపించెను. అడిగినది చిన్న ప్రశ్న: పత్రిక లేనందున మీకు కలిగిన లోటేమి? వార్తాపత్రికలు పుట్టి అప్పటికి మూడువందల యేండ్లు దాటినవి. ఇంతకాలమునను ఈ ప్రశ్నను పాఠకుని చెంత కూర్చుండి ఓపికతో అడిగినవారు మిక్కిలి యరుదు. పత్రికాధిపతి యడుగు ప్రశ్న వేరు: కొందువా, కొనవా? ప్రకటనదారు డడుగునది మరియు వేరు: నీ చేతిలో నెంత పైక మున్నది?

ఈ రెండు ప్రశ్నలు ఒక్కటిగా కలిసిన నాడు మనకు తెలియును. 1833 సెప్టెంబరు 3వ తేదీన బెంజమిన్ డే అను ముద్రాపకుడు న్యూయార్కులో 'సన్' అను పత్రికను ఒక్క సెంటు వెలకు అమ్మజొచ్చెను. తక్కిన పత్రికల వెల అప్పుడు ఆరు సెంట్లు. అంత చౌకగా అమ్మినచో నష్టముగదా యని మనకు తోచును. కాని ఆయన పత్రికను పాఠకునకు అమ్మి, ఆ పాఠకుని ప్రకటనదారునకు అమ్మెను. అది మొదలు పాఠకుల సంఖ్యయే సరకైనది. సరకైన పిదప దానియందు కల్తీయు మొదలైనది. ఏ పత్రిక యెన్ని ప్రతులు అమ్ముడుపోవునో దాని యజమాని చెప్పినదే లెక్క. 1869లో జార్జి రోవెల్ అను ప్రకటనల వ్యాపారి పత్రికల పట్టికనొకదానిని వెలువరించి, ప్రతుల సంఖ్యను తానుగా అంచనా వేయజూచెను. లెక్కలను తనిఖీచేయుటకు అందరును ఒప్పుకొన్న సంస్థ అమెరికాలో 1914లో గాని యేర్పడలేదు. మన దేశమున అట్టిది 1948లో వచ్చినది.

మన తెలుగునాట కథ కొంత విపరీతముగ నడచినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనము నారంభించి, ఆ లాభముల యండతో 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది చెన్నపట్టణమున దినపత్రికయైనది. ప్రకటనదారుడును పత్రికాధిపతియు ఒక్కరే యగుటచే, పాఠకుని ఇంకొకరికి అమ్మవలసిన యగత్యము ఆయనకు అంతగా లేకపోయెను. ఇట్టి యదృష్టము అన్ని పత్రికలకును పట్టునది కాదు.

విశ్వవిద్యాలయములు ఈ విషయమునకు ఆలస్యముగా వచ్చినవి. 1910లో ఫ్రాంక్‌ఫర్టులో జరిగిన జర్మను సమాజశాస్త్రజ్ఞుల ప్రథమ సభయందు మాక్స్ వెబర్ పండితుడు పత్రికలను శాస్త్రీయముగ పరిశోధింపవలెనని గట్టిగా వాదించెను. కత్తెరయు కంపాసును చేతబట్టి, ఏ విషయమున కెంత చోటు దక్కుచున్నదో కొలుచుటతో ఆరంభింపవలెనని ఆయన మతము. ఆ ప్రయత్నము సాగలేదు. పదియేండ్ల పిమ్మట, 1920 ఆగస్టులో, వాల్టర్ లిప్‌మన్, ఛార్లెస్ మెర్జ్ అను నిరువురు ఆ పనినే మరియొక రీతిగ చేసి చూపిరి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక రష్యా విప్లవమును గూర్చి మూడేండ్లపాటు ప్రకటించిన వార్తలన్నియు చదివి, బోల్షివిక్ ప్రభుత్వము కూలినదనియో కూలబోవుచున్నదనియో ఆ పత్రిక 91 పర్యాయములు వ్రాసినట్లు లెక్కతేల్చిరి. ఆ ప్రభుత్వము అప్పటికిని నిలిచియే యున్నది! అబద్ధము చెప్పవలెనను పన్నాగముకంటె, తాము కోరినదే జరుగుచున్నదని నమ్ముకొను విలేఖరుల బలహీనతయే దీనికి ముఖ్యకారణమని వారు నిర్ణయించిరి. ఈ నిర్ణయమునందు నాకు గొప్ప న్యాయబుద్ధి కనబడుచున్నది.

వీరు చూచినది వ్రాతను, చదువరిని కాదు. చదువరియొద్దకు పోయినవాడు అయోవా విశ్వవిద్యాలయపు విద్యార్థి జార్జి గాలప్. 1928లో ముగించిన తన సిద్ధాంతవ్యాసమునకై ఆయన యవలంబించిన పద్ధతి మిక్కిలి సామాన్యము. చదివిన పత్రికనే పాఠకుని యెదుట పరచి, మొదటి పుటనుండి కడవరకు ఒక్కొక్క శీర్షిక చూపుచు "దీనిని చదివితిరా?" యని అడుగుట. ఊరక అడిగినచో అందరును గంభీరవిషయములనే చదువుదుమని చెప్పుదురు. పత్రిక యెదుట నున్నప్పుడు బొమ్మలును హాస్యచిత్రములును ముందునకు వచ్చినవి. ఈ సత్యమునుండి రెండు దారులు చీలుచున్నవి: జనులకు గంభీరవిషయములను చదువదగినట్లుగ వ్రాయ నేర్చుకొనుట యొకటి, సబ్బుల ప్రకటనలను హాస్యచిత్రములుగ గీయించుట రెండవది. 1932లో గాలప్ ఒక ప్రకటనల సంస్థలో నుద్యోగమునకు కుదిరెను. ఏ దారి గెలిచినదో వేరుగ చెప్పవలెనా?

అదే కాలమున ఆస్ట్రియా దేశమందు, వియన్నాకు సమీపమున, మారియెంతాల్ అను చిన్న యూరిలో నూలుమిల్లు మూతపడి, ఊరంతయు పనిలేనిదయ్యెను. పాల్ లజార్స్‌ఫెల్డ్, మారీ యహోడా, హాన్స్ జైసెల్ అనువారు తోటివారితో కూడి ఆ గ్రామమును పరిశోధించి 1933లో గ్రంథము ప్రకటించిరి. అంగడి సరకులనుగూర్చి వ్యాపారులకై విచారణలు జరిపి సంపాదించిన డబ్బుతో తమ పరిశోధనాలయమును నడుపుకొన్న యువకులు వీరు. పని పోయినది గనుక తీరిక పెరిగినది, తీరిక పెరిగినది గనుక చదువు పెరుగునని యెవరైన అనుకొందురు. మారియెంతాల్‌లో గ్రంథాలయపు రుసుమును పూర్తిగ తీసివేసినను ఎరువు పుస్తకములు రెండేండ్లలో సగమునకు దగ్గరగ తగ్గినవి. పనిలేనివారికి వెల తగ్గించి యిచ్చినను రాజకీయ దినపత్రికకు చందాదారులు తరిగిపోయిరి. గడియారము చేతబట్టి పరిశీలించినవారికి, ఊరి పురుషులు వీథిలో నడచునడకయే మందగించినట్లు కనబడెను. చదువుటకు కావలసినది తీరిక కాదు. రేపటి దినముతో తనకు పని గలదను భావమని నాకు దీనివలన బోధపడినది. గ్రంథాలయోద్యమమున తిరిగినవారు ఈ ప్రకరణమును తప్పక చదువవలెను.

లజార్స్‌ఫెల్డ్ 1933లో అమెరికాకు పోయి, కొలది యేండ్లలో రేడియో శ్రోతలనుగూర్చిన పరిశోధనాలయమునకు పెద్ద యయ్యెను. ఆ బృందమునకు దైవికముగ దొరకిన విషయమొకటి గలదు. 1938 అక్టోబరు 30వ తేదీ ఆదివారము రాత్రి ఆర్సన్ వెల్స్ అను ఇరువదిమూడేండ్ల నటుడు, అంగారకగ్రహవాసులు భూమిపై దండెత్తిన కథను వార్తల రూపమున రేడియోలో నడిపించెను. మరునాటి పత్రికలన్నియు దేశమంతట జనులు భయవిహ్వలులై పరుగులు తీసిరని వ్రాసినవి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయాచార్యుడు హాడ్లీ కాంట్రిల్ 1940లో దీనిపై గ్రంథము వెలువరించి, సుమారు అరువది లక్షలమంది విన్నట్లును, వారిలో పదిలక్షలమంది బెదరినట్లును అంచనా కట్టెను. ఈ సంఖ్యలు పాఠ్యగ్రంథములకెక్కి చిరకాలము నిలిచినవి. కాని విపులముగ ప్రశ్నింపబడినవారు 135 మంది మాత్రమే; అందు నూటికి పైగా బెదరినవారని తెలిసియే యెన్నుకొనబడినవారు. జ్వరపీడితులను వెదకి తెచ్చి ఊరంతయు జ్వరమే యనుట యెట్టిదో ఇదియు అట్టిదే. ఆ రాత్రియే ఇంటింటికి టెలిఫోను చేసి అడిగిన మరియొక సంస్థకు, ఈ నాటకమును వినుచున్నవారు నూటికి ఇద్దరే కనబడిరి. పలువురు వేరొక కేంద్రమున వచ్చు హాస్యప్రసంగమును వినుచుండిరి. ఆ దశాబ్దమున ప్రకటనల రాబడి పత్రికలనుండి రేడియోకు తరలిపోవుచుండెననియు, రేడియో నమ్మదగినది కాదని చాటుటకు పత్రికలకు మంచి సమయము దొరకినదనియు తరువాతి చరిత్రకారులు వాదించిరి. అట్లని కాంట్రిల్ గ్రంథము నిరర్థకము కాదు. సందేహము కలిగినప్పుడు సరిచూచుకొన్నవారెవరు, చూచుకొననివారెవరు, సరిచూచియు తప్పుగ గ్రహించినవారెవరు అను విభాగము అందు మిక్కిలి విలువైనది. కొందరు పత్రికలోని రేడియో కార్యక్రమపు పట్టికను తీసి చూచి, నాటకమని తెలిసికొని, నెమ్మదించిరి.

ఈ పట్టికయే న్యూయార్కువారికి 1945లో లోపించిన వస్తువులలో నొకటి! బెరెల్సన్ అడిగిన అరువదిమందిలో అందరును ఇంచుమించుగ, పత్రిక చదువుట ముఖ్యమనియే చెప్పిరి. లోకవ్యవహారములు తెలియుటకని కారణము చెప్పిరి. అట్లయిన ఈ దినములలో మీరు తెలిసికొనగోరి తెలియక బాధపడిన వ్యవహారమేది యని మరల అడుగగా, ఒక్క సంగతియైన పేర్కొనలేనివారే యెక్కువ. వారికి లోపించినవి వేరు. సినిమా వేళలు తెలియలేదు. అంగళ్లలో ధరలు తెలియలేదు. మరణవార్తల స్తంభము లేక, ఎరిగినవారు పోయిన సంగతి తెలియదయ్యెనని వృద్ధులు విచారించిరి. పత్రికను చూచినగాని నలుగురిలో మాటాడుటకు ముఖము చెల్లలేదని కొందరు, లోకమునుండి వేరుపడినట్లున్నదని కొందరు చెప్పిరి. వార్తలకంటె చదువు పనియే కావలసి, ఇంటనున్న పాత సంచికలను తిరిగి చదివినవారును గలరు.

చదువరులు బూటకపు మనుష్యులని దీనినిబట్టి నవ్వువా రుందురు. నేను నవ్వజాలను. తెల్లవారగనే కాఫీతో పత్రిక చేతికి రాకున్న దినము మనకెట్లుండునో తలచుకొనిన చాలును. ఇక్కడ పైకి వచ్చిన మనుష్యుడు, ప్రకటనదారుడు చిత్రించిన కొనుగోలుదారుడును కాడు, సంపాదకుడు తలచిన ఆదర్శపౌరుడును కాడు.

ఈ పరిశోధనలకు డబ్బిచ్చినవారెవరను ప్రశ్న మిగిలియున్నది. రేడియో పరిశోధనాలయమున సంగీతభాగమునకు వచ్చిన అడోర్నో పండితుడు, ఇష్టమా అయిష్టమా యని బొత్తాములు నొక్కించి సంస్కృతిని కొలుచుట కొప్పుకొనలేదు. ఆయన భాగమునకు ధనసహాయము కొలది కాలములోనే నిలిచిపోయెను. 1940 ఎన్నికలలో ఓహయో రాష్ట్రపు ఈరీ కౌంటీలో ఆరువందలమందిని నెలనెల ప్రశ్నించిన లజార్స్‌ఫెల్డ్ బృందము, ఒక పక్షమును విడిచి మరియొక పక్షమునకు మారినవారు నూటికి ఎనమండుగురేయనియు, పత్రికలకంటె ఇరుగుపొరుగు మాటకే బల మెక్కువయనియు కనుగొనెను. దీనిపై 1945లో డెకేటర్ పట్టణమున స్త్రీలనుగూర్చి జరిగిన మరియొక విచారణకు ఒక పత్రికా ప్రచురణసంస్థ డబ్బిచ్చినది. అది రాజకీయములతో పాటు వంటసరకులు, వస్త్రములు, సినిమాలనుగూర్చి కూడ అడుగుటకు ఇదియొక కారణము.

వ్యాపారి ప్రమేయము లేక ఇట్టి పరిశోధన మన గ్రామములలో నొకసారి జరిగినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావా రొసగిన ఉపగ్రహమును ఆధారము చేసికొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు టెలివిజను ప్రసారములు నడిచినవి. ఆంధ్రప్రదేశమును అందొకటి, కార్యక్రమములు తెలుగులోనే వచ్చినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములు. అంతరిక్ష పరిశోధనా సంస్థవారు లెక్కలతో తృప్తిపడక, కొన్ని గ్రామములకు మానవశాస్త్రజ్ఞులను పంపి అక్కడనే కాపురముంచిరి. అంతకుముందు పత్రిక చదువని, రేడియో వినని, సినిమా చూడని బీదవారు ఆ పెట్టె యెదుట నేలపై కూర్చుండువారిలో పెక్కుమంది యని వారు గుర్తించిరి. ఏడాది నిండగనే ఉపగ్రహము వేరుచోటికి తరలిపోయెను.