ఉమ్మడి చెరువు, పరుల తూము



దస్తావేజులలోని షరతుల కొరకు మనుష్యులు పోరాడుట మనకు క్రొత్త గాదు. పొలము ఎవరిదో తెలిసియు, పొలమునకు పోవు బాట ఎవరిదో తేలక కోర్టుల కెక్కినవారు ప్రతి గ్రామమునను కలరు. నేడు నేను విన్నవింపబోవు చరిత్రయు నట్టిదే. ఇందలి సొత్తు మాత్రము భూమి గాదు. కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల రచన. దీనినే సాఫ్ట్‌వేరు అందురు.

ఈ రచనకు రెండు రూపములు కలవు. మనుష్యుడు చదివి దిద్దుకొనదగినది మూలరూపము. యంత్రమునకు మాత్రమే తెలియునది రెండవ రూపము. పెక్కు కంపెనీలు మూలరూపమును దాచి, రెండవదానిని మాత్రమే అమ్మి, మార్చుటకును పంచుటకును వీలులేదని షరతు విధించుచుండెను. 1983వ సంవత్సరమున అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు ఈ పద్ధతి కెదురు నిలిచి, ఎల్లరును వాడుకొని, దిద్దుకొని, పంచుకొనదగిన వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతిపత్రమును వెలువరించెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి యగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును రచించి, మరుసటి యేట దానిని ఈ పత్రము క్రిందికే తెచ్చెను.

పత్రములోని సారాంశ మిది. ఎవరైనను ఈ రచనను తీసికొనవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును. కాని ఇతరులకు పంచునపుడు తాను పొందిన హక్కులనే వారికిని ఈయవలయును. మూలరూపమును గూడ అందింపవలయును. చెరువు నీరు వాడుకొనువాడు చెరువునకు గట్టు కట్టి తనదే యనరాదు.

ఇచట ఒక సూక్ష్మము కలదు. ఒకదానితో ఒకటికి సంబంధము లేని రెండు రచనలను ఒకే పళ్లెములో నుంచి పంచిన దోషము లేదు. ఒకే బండిలో రెండు బస్తాలు వేసికొనిపోవుట వంటి దది. రెండు ధాన్యములను కలిపి పిండి పట్టించినచో మాత్రము ఆ పిండి యంతటికిని పత్రపు షరతే వర్తించును. కంప్యూటరు వ్యవస్థతో సహజముగా వచ్చు భాగములకు పత్రము మినహాయింపు నిచ్చినది. అయితే ఆ భాగమును, దానిపై నాధారపడిన రచనను ఒకరే చేర్చి పంచినచో ఆ మినహాయింపు చెల్లదు. చిక్కంతయు ఇందే పుట్టినది.

1996 అక్టోబరులో జర్మనీ దేశమున మట్టియాస్ ఎట్రిక్ అను విద్యార్థి, లినక్సు బలమైనదైనను సామాన్యుల కింపుగా లేదని తలచి, కేడీయీ అను తెరను నిర్మింప బూనెను. బొమ్మలను చూచి పని చేసికొను తెర యది. దానికి పునాదిగా నార్వే దేశపు ట్రోల్‌టెక్ కంపెనీవారి క్యూట్ అను ఉపకరణము నెన్నుకొనెను. క్యూట్ వెల లేకయే దొరకెడిది, మూలరూపమును చూడనిచ్చెడివారు, కాని మార్చిన ప్రతిని పంచనిచ్చెడివారు కారు. తెర ఉమ్మడిది, పునాది పరులది. చెరువు మనది, తూము తాళము మాత్రము అన్యునియొద్ద.

పంచువారు రెండుగా చీలిరి. జర్మనీలోని సూసే వారు కేడీయీని సంతోషముతో పంచిరి. స్వచ్ఛందసేవకులు 1993లో ఆరంభించిన డెబియన్ సంఘమువారు 1998 అక్టోబరులో దానిని తమ భాండారమునుండి తొలగించిరి. కేడీయీ కర్తలు తమ సొంత రచనకు తామే అనుమతి ఈయగలరు. కాని వారి రచనలో పరుల రచనలును చేరియుండెను. ఆ పరులు క్యూట్‌తో కలుపుటకు అనుమతి నిచ్చినవారు కారు. దాయాది సంతకము లేని విక్రయము వంటి దది. ఇంతకు పూర్వమే, 1997 ఆగస్టులో, మిగెల్ దె ఇకాసా, ఫెడెరికో మేనా అను మెక్సికో దేశీయులు సంపూర్ణముగా స్వేచ్ఛగల పునాదిపై గ్నోమ్ అను మరియొక తెర నారంభించియుండిరి.

పోటీవలనను, విమర్శవలనను ట్రోల్‌టెక్ వారు మెట్టు మెట్టుగా దిగివచ్చిరి. 1998లో కేడీయీ వారితో కలిసి ఒక ధర్మసంస్థను నెలకొల్పి, తాము స్వేచ్ఛాప్రతిని వెలువరించుట మానినచో క్యూట్‌ను మిక్కిలి సడలిన అనుమతితో లోకమునకు విడుచు హక్కును దానికి వ్రాసి యిచ్చిరి. 1999లో క్రొత్త అనుమతిపత్రమును పెట్టిరి. అదియు జనరల్ పబ్లిక్ లైసెన్సుతో పొసగలేదు. తుదకు 2000 సెప్టెంబరులో క్యూట్‌ను ఆ లైసెన్సు క్రిందనే విడుదల చేసిరి. వ్యాజ్యమాడకయే వివాదము సమసినది.

ఆ ధర్మసంస్థ విలువ పిమ్మట తెలియవచ్చినది. 2008లో ట్రోల్‌టెక్‌ను నోకియా కొనెను. 2012లో క్యూట్ డిజియా కంపెనీ చేతికి పోయెను. యజమానులు మారినను వ్రాతపూర్వకమైన యొడంబడిక నిలిచినది. మంచివాని మాట వానితో పోవును; మంచి దస్తావేజు వారసులను గూడ కట్టివేయును.

డెబియన్ వారిది వట్టి చాదస్తమని అప్పుడు కొందరు పరిహసించిరి. నేనట్లు తలపను. ఎరుగని వేలాదిమంది తమ శ్రమను కొన్ని షరతులపై నమ్మి యిచ్చినపుడు, ఆ షరతును కాపాడుట పంచువాని ధర్మము. అట్లని వారు మొండివారును గారు. సొంత సొత్తులైన రచనలకు వేరు గది నిర్మించి, ఇవి మా వ్యవస్థలోనివి గావని 1997లోనే ప్రకటించిరి. కొన్ని యంత్రభాగములు తయారుచేసినవారి రహస్యరచన లేనిదే కదలవు. అట్టివానిని స్థాపనపళ్లెములో చేర్చుటకు 2022లో ఓటు వేసి అంగీకరించి, 2023నాటి కూర్పులో చేర్చిరి. వానిని మాత్రము వేరు పేరుతోనే ఉంచిరి.

ఈ కథ మనకు దూరపుది గాదు. గ్నోమ్, కేడీయీ రెండును తెలుగక్షరములలో కనబడుచున్నవన్నచో, ఎవరి యనుజ్ఞయు వేడకుండ తెలుగువారు వానిని అనువదింపగలుగుటయే కారణము. కావున మీ గ్రామపు పాఠశాలకో, సహకారసంఘమునకో కంప్యూటరు వచ్చినపుడు, వెల యెంత యని మాత్రమే యడిగి యూరకుండవలదు. ఇందు ఉమ్మడి దెయ్యది, ఒకరి సొంత మెయ్యది, ఏ షరతుపై కలిపినారు అని యడుగుడు. ఉచితముగా వచ్చిన దెల్ల స్వేచ్ఛగలది గాదు. తూము తాళము ఎవరియొద్ద నున్నదో చూచుకొని గాని చెరువును నమ్మి నారు పోయరాదు గదా!