సీరియల్ చూసినవాళ్ళ చరిత్ర

తెలుగు నవలా చరిత్ర తెరిస్తే రాసినవాళ్ళ పేర్లుంటాయి, పుస్తకాల పట్టికలుంటాయి. చదివినవాళ్ళ గురించి ఒక పేరా ఉంటే ఎక్కువ. ఇక టీవీ ముందు కూర్చుని కథలు చూసిన ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. లోకం వాళ్ళకు పెట్టిన పేరు ఒక్కటే: సీరియల్ పిచ్చి ఉన్నవాళ్ళు. మగవాడు అయిదు రోజుల టెస్ట్ మ్యాచ్ బంతి బంతికీ చూస్తే దాన్ని ఆసక్తి అంటారు, ఆట తెలిసిన మనిషి అంటారు. ఆడమనిషి రోజుకో అరగంట కథ చూస్తే మాత్రం పిచ్చి. ఈ తేడాని మనం అంత తేలిగ్గా వదిలేయకూడదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

నేనూ సీరియళ్ళు చూస్తాను. పరిశోధన కోసమేం కాదు, ఇష్టంగానే. వారపత్రికల్లో వచ్చిన స్త్రీల సీరియల్ నవలల మీద డాక్టరేట్ చేశాను. ఆ నవలల్ని కాలక్షేపమని తీసిపారేసిన విమర్శ పేజీలకు పేజీలు దొరికింది. వాటిని వారం వారం ఎదురుచూసి చదివిన పాఠకురాళ్ళ మాటలు మాత్రం ఉత్తరాల శీర్షికల్లో రెండేసి వాక్యాలుగానే మిగిలాయి. టీవీ ప్రేక్షకురాళ్ళ విషయానికొస్తే మన దగ్గర ఆ రెండు వాక్యాలు కూడా లేవు.

ఈ కథల పుట్టుకలోనే ఆడవాళ్ళ సమయానికి ఒక లెక్క ఉంది. 1930లో చికాగో రేడియోలో 'పెయింటెడ్ డ్రీమ్స్' అనే ధారావాహిక మొదలైంది. రాసింది ఇర్నా ఫిలిప్స్ అనే స్త్రీ. అందులో ఒక పాత్ర కూడా ఆమే వేసింది. పగటిపూట ఇంట్లో పనిచేసుకునే గృహిణి చెవి ఖాళీగా ఉంటుందని సబ్బుల కంపెనీలు త్వరలోనే గ్రహించి, ఇలాంటి కథలకు డబ్బు పెట్టాయి. అందుకే వీటికి 'సోప్ ఒపేరా' అన్న పేరు వచ్చింది. ఆ పేరులో వెక్కిరింత ఉంది. ఒపేరా పెద్దవాళ్ళ కళ, సబ్బు వంటింటి సరుకు. ఇర్నా ఫిలిప్స్ సృష్టించిన మరో కథ 'గైడింగ్ లైట్' 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చి, 2009 దాకా నడిచింది. డెబ్భై రెండేళ్ళు తరం తర్వాత తరం విన్న, చూసిన కథ ఏ సాహిత్య చరిత్రలోనైనా చిన్న విషయమవుతుందా?

మన దేశంలో టీవీ సబ్బుల కోసం కాక పాఠాల కోసం పల్లెలకు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. సైట్ అని పిలిచే ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఉంది, నాలుగు ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఊరికి ఒక సెట్టు, పదిమందీ చేరే చోట. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఆడవాళ్ళకు చెప్పాల్సిన పాఠాలు చాలా ఉన్నాయని ప్రభుత్వం అనుకుంది. కానీ సాయంత్రం పొయ్యి ముందు ఉండే మనిషి ఇల్లు వదిలి నలుగురిలోకి వచ్చి కూర్చోవాలంటే ఆ పొయ్యి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న ఏ ఉపగ్రహానికీ అందదు. టీవీ చూడడం స్త్రీలకు మొదటినుంచీ సమయానికి, చోటుకి సంబంధించిన వ్యవహారమే.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1984 జూలైలో ఢిల్లీ నుంచి 'హమ్ లోగ్' మొదలైంది. మెక్సికోలో టీవీ కథలతో సామాజిక సందేశాలు చెప్పిన పద్ధతి చూసి ఇక్కడా ప్రయత్నించారు. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. మొదట్లో కుటుంబ నియంత్రణ బోధ ఎక్కువై జనం విసుక్కుంటే, కథ పాలు పెంచారు. 1985 డిసెంబరులో ముగిసేలోగా ప్రేక్షకుల నుంచి సుమారు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఇంకొకటి. అందులో భాగవంతి అనే తల్లి పాత్ర ఉంది. అన్నీ సహించి, తనకంటూ ఏమీ మిగుల్చుకోని మనిషి. అలా ఉండకూడదని చూపించడానికి ఆ పాత్రని పెట్టారు. తర్వాత పరిశోధకులు అడిగితే చాలామంది స్త్రీలు ఆమెనే ఆదర్శమన్నారు. ఇది వాళ్ళ అజ్ఞానమని కొందరు చదువుకున్నారు. నాకు అలా అనిపించదు. తమ రోజువారీ చాకిరీకి తెర మీద మొదటిసారి ఒక ముఖం కనబడితే, దాన్ని తప్పు ఉదాహరణగా చూడమంటే వాళ్ళెందుకు చూస్తారు?

ఆ రోజుల్లో మా పెద్దమ్మ విజయవాడలో ఉండేది. ఇంట్లో టీవీ లేదు. పక్కవాటాలో చూసేవాళ్ళు. హిందీ ఎవరికీ సరిగ్గా రాదు. హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన ఒకావిడ వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పేదట. "ఆవిడ చెప్పిందే కథ అనుకున్నాం. నచ్చని మాటలుంటే మార్చేసేదేమో కూడా, మాకేం తెలుసు" అని నవ్వుతుంది పెద్దమ్మ. ఆ అనువాదకురాలి పేరు ఏ అనువాద చరిత్రలోనూ ఉండదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఆ అనువాదం అవసరం లేకపోయింది. తెలుగు కథలు రోజూ ఇంట్లోకే వచ్చాయి. వీటికీ వారపత్రికల నవలలకూ ఉన్న చుట్టరికాన్ని మనం ఇంకా సరిగ్గా చూడలేదు. యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ని 1973లో సినిమాగా తీసింది విజయనిర్మల. రాసిందీ తీసిందీ స్త్రీలే. ఆ వరసలోనే దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' తీసిన మంజులానాయుడు, జెమినీలో 2003లో 'చక్రవాకం', 2008లో 'మొగలిరేకులు' మొదలుపెట్టింది. 'మొగలిరేకులు' అయిదేళ్ళు నడిచింది. అప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. రాత్రి టీవీ గది కిక్కిరిసేది. అందులో సగం మంది చేతిలో పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఊరికే వచ్చాను, చదువుకుంటున్నా" అన్నట్టు. ప్రకటనలు వచ్చినప్పుడు పేజీ తిప్పిన వాళ్ళు నాకు కనబడలేదు.

ఈ సంజాయిషీ మన ఒక్కరిదే కాదు. నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు అమెరికన్ సీరియల్ 'డాలస్' గురించి ఒక స్త్రీల పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చింది. 42 ఉత్తరాలు వచ్చాయి. వాటి ఆధారంగా రాసిన పుస్తకం 1985లో ఇంగ్లీషులో వచ్చింది. ఇష్టపడి చూసేవాళ్ళలో చాలామంది ముందు తమను తాము సమర్థించుకుంటారు, లేదా తమ మీద తామే నవ్వుకుంటారు. అసహ్యించుకునేవాళ్ళకు ఏ సంజాయిషీ అక్కర్లేదు. లోకం ముందే వాళ్ళ పక్షాన ఉంది. ఆనందించడానికి కారణం చూపించాల్సి రావడం ఎంత పాత శిక్షో మనకు తెలుసు.

ఇప్పుడు పెద్దమ్మ చూసే పద్ధతి చెప్పాలి. ఆమె జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. సీరియల్ సమయంలో మెషిన్ తొక్కదు, మాటలు వినబడవు. కటింగ్ చెయ్యదు, కన్ను తెర మీదికి పోతే గుడ్డ పాడవుతుంది. అందుకని పగలంతా మెషిన్ పని ముగించి, చేతికుట్టు రాత్రికి ఉంచుకునేది. కాజాలు, హుక్కులు, చీర ఫాల్స్. ఆమె లెక్కలో రెండు సీరియళ్ళకి ఒక ఫాల్. ప్రకటనలు రాగానే లేచి అన్నం చూసి వచ్చేది. పగటి సీరియళ్ళ నడక ఇంటిపనిలోని ఆటంకాలకు సరిపోయేలా ఉంటుందని టానియా మాడ్లెస్కీ 1982లో రాసింది. పెద్దమ్మ తన పనినే సీరియల్‌కు సరిపోయేలా అమర్చుకుంది. అంటే మనం విశ్రాంతి అనుకున్న ఆ గంట కూడా కూలి గంటే. "ఖాళీగా కూర్చుని టీవీ చూస్తోంది" అన్నవాళ్ళెవరూ ఆమె ఒళ్ళోని చీరని చూడలేదు.

ఆమె ఊరుకుని చూడదు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో వచ్చిన 'కార్తీకదీపం' ఒక్క రోజు వదల్లేదు. మలయాళ 'కరుత్తముత్తు' ఆధారంగా వచ్చిన కథ అది. నల్లగా ఉందని అవమానాలు పడే దీప, ఆమె శీలాన్ని అనుమానించే డాక్టరు భర్త. "వాడు డాక్టరేనంటావు కదే, ఆ పరీక్షేదో చేయించుకుంటే ఒక్కరోజులో తేలిపోదూ? తేలకూడదనే వాడికీ ఉంది" అంది పెద్దమ్మ. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. అనుమానం భర్తకు సమస్య కాదు, అధికారం. దీన్ని నేను సెమినార్ పేపర్లో రెండు పేజీల్లో చెబుతాను. దీప రంగు గురించి కూడా ఆమెకో అభిప్రాయం ఉంది: "నల్లపిల్ల కథకి నల్లపిల్ల దొరకలేదా? రంగు పూయాల్సి వచ్చిందా?" పెద్దమ్మ నలుపే.

ఈ సీరియళ్ళ మీద స్త్రీవాదులు చేసిన విమర్శని నేను కాదనడం లేదు. ఆడదానికి ఆడదే శత్రువన్న కథ, తాళి చుట్టూ తిరిగే కథ, అనుమానాన్ని ఏళ్ళ తరబడి సాగదీసి అమ్ముకునే వ్యాపారం, అన్నీ నిజమే. నేను కూడా చాలావాటిని మధ్యలో వదిలేశాను. అయితే ఆ విమర్శ తెర దగ్గరే ఆగిపోతోంది. పూర్ణిమ మన్కేకర్ 1990ల ఆరంభంలో ఢిల్లీలో దిగువ మధ్యతరగతి స్త్రీల ఇళ్ళలో కూర్చుని టీవీ చూసి, 1999లో పుస్తకం రాసింది. 'మహాభారత్'లో ద్రౌపది వస్త్రాపహరణాన్ని ఆ స్త్రీలు తమ అత్తవారిళ్ళతో, తమ అభద్రతతో కలిపి మాట్లాడారు. ఆమె వెళ్ళి అడగకపోతే ఆ మాటలు ఆ గదుల్లోనే పోయేవి. తెలుగిళ్ళలో అలాంటి మాటలు ఇన్నేళ్ళుగా పోతూనే ఉన్నాయి.

పెద్దమ్మకు డెబ్భై దాటాయి. చూపు మసకబారి ఫాల్ కుట్టడం మానేసింది. సీరియల్ ఇప్పుడు చూడడం కంటే వినడమే ఎక్కువ. ఈమధ్య ఒక కథలో మనిషిని ఇంకో కథలోకి తెస్తోంది. అనువాదం చెప్పిన పక్కవాటా ఆవిడ పేరు అడిగితే గుర్తు రాలేదు. ఇంకోపక్క చూడడం కూడా మారిపోయింది. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవిలో వైరు వాళ్ళది. నేను కూడా బస్సులో అలాగే చూస్తాను. పక్కన ఎవరూ లేనప్పుడు పైకి ఏమీ అనను.

అందుకే ఈ పత్రిక చదివే మిత్రులను ఒకటి అడుగుతున్నాను. మీ అమ్మనో అత్తనో పిన్నినో కూర్చోబెట్టి రాసుకోండి. మొదటిసారి టీవీ ఎవరింట్లో చూశారు? లోపలికి రానిచ్చారా, కిటికీలోంచి చూశారా? చూస్తూ చేతులతో ఏ పని చేశారు? కరెంటు పోయిన రోజు కథ ఎవరు చెప్పారు? ఏ పాత్రని తిట్టారు, ఎందుకు? రిమోట్ ఎవరి చేతిలో ఉండేది? నేను పెద్దమ్మతో మొదలుపెట్టాను, నోటుబుక్కు సగం నిండింది. మిగతా సగం ఆమె మరిచిపోయేలోగా నింపాలి.