విమానం రెక్క మీద కలవని అతుకులు

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానాలకి సొంతంగా స్కిన్‌లు వేసే అలవాటు మీకుందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

రైజ్ ఆఫ్ ఫ్లైట్ అని 2009లో వచ్చిన సిమ్యులేటర్ ఉంది. అంతా మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలే. అందులో జర్మన్ ఫైటర్ ఫోకర్ డి-7కి నేనొక స్కిన్ వేశా. దాని రెక్కల నిండా తేనెపట్టు గదుల్లాంటి రంగురంగుల డిజైన్ ఉంటుంది. నేనేం చేశానంటే, కొంచెం గీసి, కాపీ పేస్ట్ కొట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వాల్‌పేపర్‌లా పరిచేశా. చూడ్డానికి అదిరింది. చరిత్ర ప్రకారం మాత్రం తప్పు.

ఎందుకంటే అది పూసిన రంగు కాదు, గుడ్డ మీద వేసిన అచ్చు. ఆ విమానం రెక్క అంటే చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ. రంగు చేత్తో పూస్తే టైమ్ పడుతుంది, బరువూ పెరుగుతుంది. బరువు పెరిగితే ఫైటర్ పైకి ఎక్కడం నెమ్మదిస్తుంది. అందుకే జర్మన్లు గుడ్డ మీదే ముందుగా డిజైన్ అచ్చు వేయించారు. ఐదు రంగులది ఒక రకం, నాలుగు రంగులది ఇంకో రకం. రెక్క పైన ముదురు రంగులు, కింద లేత రంగులు. పైనుంచి చూసినవాడికి నేలలో, కిందనుంచి చూసినవాడికి ఆకాశంలో కలిసిపోవాలని.

ఇక్కడే అసలు విషయం ఉంది. గుడ్డ తానుల్లో వస్తుంది. కోసి, పక్కపక్కన పెట్టి కుట్టాలి. చెక్స్ షర్ట్ జేబు దగ్గర గీతలు కలపడానికి టైలర్ ఎంత తంటాలు పడతాడో మీకు తెలుసుగా? యుద్ధం మధ్యలో ఉన్న ఫ్యాక్టరీకి అంత తీరిక ఎక్కడిది? అతుకు వచ్చిన చోటల్లా డిజైన్ తెగిపోతుంది. నా స్కిన్‌లో లేనిది అదే.

మరి రంగుల సంగతి? అప్పటి ఫోటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపే. 1918 నవంబర్ 11 నాటి యుద్ధవిరమణ ఒప్పందంలో, జర్మనీ అప్పగించాల్సిన విమానాల్లో డి-7ని పేరు పెట్టి మరీ అడిగారు. అలా చేతులు మారినవాటిలో కొన్ని సముద్రాలు దాటాయి. కెనడాలో క్యూబెక్‌లోని నోల్టన్ అనే చిన్న ఊరి మ్యూజియంలో ఒకటి అసలు గుడ్డతోనే ఉంది. కానీ వందేళ్లలో అద్దకం వెలుస్తుంది, పైపూత పసుపెక్కుతుంది. ఇవాళ కనిపించే రంగు 1918 నాటి రంగు కాదు. కాబట్టి ఏ షేడ్ వాడినా, అది మనం వేసిన అంచనానే. అతుకులు అంచనా కాదు.

నేను స్కిన్ మొత్తం తీసేసి, తాను తానుగా మళ్లీ వేశా. మునుపటంత నీట్‌గా లేదు. పర్లేదు. ఆ విమానాలు నడిపినవాళ్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. గుడ్డ కోసి కుట్టినవాళ్ల గుర్తుగా మిగిలింది ఆ కలవని అతుకులే.

ఈసారి స్కిన్ వేసేటప్పుడు ఆ గీతలు చెరిపేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.