గీచిన గీటు దాటకుండ

ఇల్లు కట్టించుకొనిన ప్రతి గృహస్థుడును ఎప్పుడో ఒకప్పుడు ప్లాను చుట్ట విప్పి చూచియే యుండును. గోడలకు లావుగీత, తలుపు తిరుగు మేరకు సన్నని వంపుగీత, పైనున్న దూలమునకు తునుకలుగా తెగిన గీత. ఆంగ్లము రాని మేస్త్రీయు ఆ గీతలను చదువగలడు. ఈ అర్థములను ఎవ్వరు నిర్ణయించిరి? నిర్ణయించిన దానిని గీయువారిచేత ఎవ్వరు పాటింపజేసిరి? మొదటి ప్రశ్నకు నియమావళులలో సమాధానము దొరకును. మేము ఇచట చెప్పదలచినది రెండవదానిని గూర్చి.

1842లో జాన్ హెర్షెల్ నీలిముద్రణ పద్ధతిని కనుగొనెను. అది తరువాత డ్రాయింగు ఆఫీసులలో ప్రవేశించి బ్లూప్రింటు అయ్యెను. ఒక పటమునకు పది ప్రతులు వచ్చిన, ఒక తప్పునకు కూడ పది ప్రతులు వచ్చును గదా! బ్రిటనులో 1927లో బి.ఎస్. 308 అను నియమావళి వెలువడెను. మన దేశమున 1947లో ఏర్పడిన ప్రమాణముల సంస్థ భవనముల పటములకు ఐ.ఎస్. 962 అను నియమావళిని ప్రకటించెను. కాని పుస్తకము బీరువాలో నుండును. బల్లల నడుమ తిరుగువాడు పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. అతని చేతి ఎర్రపెన్సిలే చట్టము. ఇంకుపెన్నులు అతనికి మఱింత సాయపడెను. 0.25 మిల్లీమీటర్ల పెన్నుకు తెలుపు, 0.35కు పసుపు, 0.5కు గోధుమ, 0.7కు నీలము గుర్తురంగులు. గోడ గీయుచున్న కుర్రవాని చేతిలో తెల్లగుర్తు పెన్ను కనబడినచో, గది ఆవలి కొననుండియే కేకవేయవచ్చును.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌పాడ్ అను ప్రోగ్రామును రూపొందించెను. వెలుగుపెన్నుతో తెరపై గీసిన రెండు గీతలను సమాంతరముగ నుండుమని ఆజ్ఞాపించిన, యంత్రము వానిని అట్లే నిలిపెడిది. నియమమును యంత్రమే కాపాడుట అప్పటికే సాధ్యమైనదన్న మాట. వింత యేమనగా, 1982లో ఆటోక్యాడ్ వచ్చి, చిన్న కంప్యూటర్లు ఆఫీసులలో చేరిన తరువాత, గీతలకు కట్టుబాటు పెరుగుటకు బదులు సడలెను.

కారణము రంగులు. ఆటోక్యాడ్‌లో ఎరుపునకు 1, పసుపునకు 2, ఆకుపచ్చకు 3 అని సంఖ్యలు కలవు. కాగితముపై గీయు ప్లాటరునకు, ఏ సంఖ్యకు ఏ పెన్ను తగిలింపవలెనో ప్రతి ఆఫీసును తన యిష్టానుసారము నిర్ణయించుకొనెను. ఒకచోట ఎరుపు సన్నగీత, పొరుగు ఆఫీసున అదే లావుగీత. పటము ఫైలు చేతులు మారును. రంగుల పట్టిక మాత్రము ఇంటివద్దనే యుండిపోవును. అప్పుడు గోడ వెండ్రుకవలె, కుర్చీ కోటగోడవలె అచ్చుపడును. తెరపై అందఱి గీతలును ఒక్కటే సన్నము. పెద్దవానికి చూచుటకు పెన్నును లేదు, రంగుగుర్తును లేదు.

1990లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ లేయర్లకు, అనగా ఒకదానిపై ఒకటి పఱచిన పారదర్శకపు పొరలవంటి వానికి, పేర్ల పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఏ-వాల్ అన్న వాస్తుపటములోని గోడ. ఇ అక్షరముతో మొదలైన విద్యుత్తు. 1999లో ఆ దేశమున జాతీయ క్యాడ్ ప్రమాణము వచ్చెను. పేర్లు చక్కనివే. అయినను సాయంత్రములోగా పటము పంపవలసిన కుర్రవాడు పేరు వెదకునా? సున్న అను లేయరులో గీసి ఊరకుండును. మేమాతని నంతగా నిందింపజాలము.

2001లో వెలువడిన ఆటోక్యాడ్ 2002లో పరీక్షకుడు ప్రవేశించెను. కంపెనీ తన లేయర్లను, అక్షరముల తీరును, కొలతల తీరును, గీతల రకములను ఒక ప్రమాణపు ఫైలులో దాచును. పటమును దానితో పోల్చి యంత్రము తేడాలను ఎత్తిచూపును. ఇది మేలే. అయితే ఏ-వాల్ అను లేయరు సరియైన రంగులో నున్నదా యని చూచునేగాని, అందులోని గీత నిజముగ గోడయా యని చూడదు. అంతకన్న ప్రమాదకరమైనది మఱొకటి. పదకొండున్నర అడుగుల గీతపై పన్నెండు అడుగులని చేతితో టైపు చేయవచ్చును. మేస్త్రీ గీతను కొలువడు, అంకెను నమ్మును. పరీక్షకునికి ఆ అంకె పట్టదు.

2000లో వచ్చిన రెవిట్ ఈ చిక్కును మొదలంట పట్టెను. అందులో గోడ గీతల జంట కాదు, గోడయే. దాని లావు దాని జాతినిబట్టి వచ్చును. కొలత అంకె బదులు వేఱొక అంకెను టైపుచేసిన అది నిరాకరించును. మాటలను మాత్రమే ఒప్పుకొనును. విదేశపు కంపెనీలకు పటములు గీసి పంపు హైదరాబాదు ఆఫీసులకు, ఎర్రపెన్సిలు పట్టు పెద్దవాడు సముద్రముల కావల నుండగా, ఇట్టి నిరాకరణ కొండంత అండ.

కాని గీయువారు దానికిని ఉపాయము కనిపెట్టిరి. అంకె ప్రక్కన కంటికి కనబడని ఖాళీ అక్షరము నొకదానిని చేర్చిన, యంత్రము అంకెను మాటగా భ్రమపడి ఒప్పుకొనును. ఆ అక్షరము తెరపై కనబడదు, కాగితముపై కనబడదు. స్కేలుబద్ద వేసి గీతను కొలిచి చూచువాడే దానిని పట్టుకొనవలెను.