గోడ అడుగున సున్నం కథ

పాత ఇంటికి మరమ్మతు చేయించేటప్పుడు గోడ అడుగున ఉన్న స్కర్టింగ్ పలకను ఊడదీస్తే, దానితోపాటు పూత కూడా పెళ్లలుగా రాలిపడుతుంది. మేస్త్రీ నాలుగు తాపీల సిమెంటు కొట్టి చదును చేసి, "ఇక ఫరవాలేదండీ" అంటాడు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ అతుకుకు పైన గోడ చెమ్మగిల్లుతుంది. తెల్లటి ఉప్పు పొంగి, అంతవరకూ బాగున్న పాత పూత కూడా ఊడుతుంది. గట్టి సిమెంటు వేసినా ఇలా ఎందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు సున్నం చరిత్రలో దొరుకుతుంది.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలిస్తే కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీరు పోస్తే అది ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అంటే పాత గోడమీది పూత ఒక రకంగా మనిషి తయారుచేసిన రాయి!

మన మేస్త్రీలు ఈ సున్నంలో ఇసుక, ఇటుకపొడి కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం చేర్చేవారు. ఇదే మనం డంగు సున్నం, గానుగ సున్నం అని పిలిచేది. 1591లో కట్టిన చార్మినార్‌లోని నగిషీలు సున్నంతో చేసినవే. మద్రాసులో గవ్వలను, నత్తగుల్లలను కాల్చిన సున్నంతో పాలరాయిలా మెరిసే గోడలు తయారయ్యేవి. ఆ పద్ధతిని ఐజాక్ పైక్ అనే ఆంగ్లేయుడు వివరించగా, 1732లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక ప్రచురించింది. అందులో బెల్లం, కరక్కాయలతోపాటు గుడ్డు తెల్లసొన, నెయ్యి కూడా కనిపిస్తాయి.

1824లో ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మన దేశంలో 1914లో పోరుబందరు కర్మాగారం సిమెంటు ఉత్పత్తి ప్రారంభించింది. త్వరగా గట్టిపడే సిమెంటు ముందు, రోజుల తరబడి ఓపిక కోరే సున్నం నిలవలేకపోయింది. గానుగలు మూలపడ్డాయి. వాటితోపాటే పనితనమూ మరుగున పడింది.

అయితే పాత గోడ స్వభావం మారలేదు. చాలా పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది. సన్నని రంధ్రాలున్న సున్నపు పూత గుండా ఆ తడి ఆవిరై పోతుంది. సిమెంటు పట్టీ ఆ దారిని మూసేస్తుంది. తడి మరింత పైకి ఎక్కి, ఆరేచోట తనలోని లవణాలను స్ఫటికాలుగా వదులుతుంది. ఆ స్ఫటికాలే పూతను పగులగొడతాయి. పైగా గోడ కొద్దిగా కదిలినా సున్నం సర్దుకుంటుంది, బిరుసైన సిమెంటు బీటలిస్తుంది.

కాబట్టి పాత సున్నపు గోడకు సున్నమే మందు. వదులైన పూతను గీకి, దుమ్ము దులిపి, గోడ తడపాలి. సున్నం, ఇసుక కలిపిన మిశ్రమాన్ని పలుచని పొరలుగా వేస్తూ, ఒకటి గట్టిపడ్డాకే మరొకటి వేయాలి. ఎండ తగలకుండా తడిగోనె కప్పాలి. తడి బొత్తిగా లేకపోతే సున్నం గాలిని పీల్చుకోలేదు. పొడిసున్నం కళ్లలో పడితే చాలా ప్రమాదం కనుక జాగ్రత్త అవసరం.

చార్మినార్ వంటి కట్టడాల మరమ్మతుకు పురావస్తు శాఖ నేటికీ సున్నాన్నే వాడుతోంది. మన తాతల ఇంటి గోడకూ అదే సూత్రం వర్తిస్తుంది. సిమెంటు బస్తా విప్పేముందు, ఆ గోడ దేనితో కట్టారో ఒక్కసారి గీకి చూడండి.